పాచి పట్టిన డాబా

ఎవరైనా ప్రశ్న అడిగితే దాలినాయుడు మాస్టారు జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని చెప్పేవారు. బ్యాక్‌హ్యాండ్ ఎందుకు నెట్టుకి తగులుతోందని అడిగినవాడి చేత కోర్టంతా నీళ్లు చల్లించేవారు. సర్వీసులో బలం ఎందుకు లేదని అడిగిన పిల్ల చేత రోలరు లాగించేవారు. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ఒళ్లునొప్పులు మిగిలేవి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ అలవాటు మీద వెనకాల నవ్వుకునేవారు. మాస్టార్ని టైమెంతయిందని అడక్కురా, గోడకి సున్నం వేయిస్తారు అని కొత్తవాళ్లని హెచ్చరించేవారు.

విజయనగరంలో ఒక పాత క్లబ్బు ఉంది. అందులో ఎర్రమట్టి కోర్టు మీద మాస్టారు తన వయసంతా టెన్నిస్ నేర్పారు. ఆ మట్టిని దగ్గరుండి జల్లెడ పట్టించేవారు, దగ్గరుండి తడిపించేవారు. ఆట అయ్యాక గోనెపట్టా లాగించి, అందరి అడుగుల గుర్తులూ చెరిపించి గాని ఎవరినీ ఇంటికి పంపేవారు కారు. ఆ కోర్టు మీద పెరిగినవాళ్లలో దేశాలు తిరిగి ఆడే స్థాయికి ఎదిగింది కౌముది ఒక్కతే. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసిన కూర్మారావుగారి అమ్మాయి. రాకెట్టు ఆమె కంటే పొడుగ్గా కనిపించే వయసులో వచ్చి చేరింది. ఇప్పుడు టెన్నిస్ ఆమెకి వృత్తి.

తెలియనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. ఈ ఆటని ఒకే నేల మీద ఆడరు. మట్టి మీద ఆడతారు, సిమెంటు మీద ఆడతారు, మనకి తొలకరి పడే రోజుల్లో కొన్ని వారాలపాటు దూరదేశంలో పచ్చిక మీద ఆడతారు. రాకెట్టు అదే, బంతి అదే, గీతలు అవే. నేల ఒక్కటే మారుతుంది. మట్టి మీద పడ్డ బంతి కాస్త ఆగి భుజం ఎత్తుకి లేస్తుంది. ఆడే మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. పచ్చిక మీద పడ్డ బంతి అలా లేవదు. తలుపు సందులోంచి పిల్లి దూరిపోయినట్టు మోకాలి కిందుగా జారి పోతుంది.

మట్టి మీద కౌముదిని చూసినవాళ్లు ఆ అమ్మాయికి భయమన్నది తెలీదనుకునేవారు. దూరంగా పడ్డ బంతి కోసం ఆమె చివరిదాకా పరుగెత్తేది కాదు, ఒక కాలు చాచి మట్టి మీద జారుతూ వెళ్లి, ఆగేచోటికి ముందే రాకెట్టు తిప్పేది. తనకంటే ఎంతో పైన ఉన్నవాళ్లని ఆ విధంగా అలసిపోయేదాకా ఆడించి ఓడించింది. సిమెంటు మీద ఆమె మంచి ఆటగత్తె, అంతకు మించి కాదు. గెలిచేది, ఓడేది, రెండింటికీ కారణం చెప్పగలిగేది. పచ్చిక మీద మాత్రం ఆమె ఎవరో కొత్త మనిషిలా ఉండేది. ఒక్కసారి కూడా తొలి రౌండు దాటలేదు. బంతి గీత మీద పడిందా బయట పడిందా అని అలవాటు కొద్దీ నేలకేసి చూసేది. మట్టి అయితే బంతి పడ్డచోట గుర్తు చూపిస్తుంది. పచ్చిక ఏ గుర్తూ నిలుపుకోదు. లేని గుర్తు కోసం ఆమె వెతుకుతూ ఉండగానే అవతలి మనిషి తరువాతి సర్వీసుకి సిద్ధమైపోయేది. జనం కుర్చీల్లో సర్దుకునేలోపు ఆట అయిపోయేది.

కిందటేడు అక్కడే పడిపోయింది. మంచు ఆరని పచ్చిక మీద, చిన్నప్పటి అలవాటున, కాలు చాచి జారబోయింది. నేల ఆమెతో పాటు రాలేదు. మోకాలు ఒకవైపు తిరిగింది, ఒళ్లు ఇంకోవైపు. కింద పడి ఉన్నప్పుడు నొప్పి కంటే ముందు ఆమెకి తెలిసింది నిశ్శబ్దం. అంతమంది జనం ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు. మోకాలు ఆర్నెల్లకి బాగైంది. ఆ నిశ్శబ్దం మాత్రం బాగుకాలేదు. హోటలు బాత్రూముల్లో తడి పలకల మీద కూడా గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఎవరూ చూడకుండా పట్టుకునేది.

మళ్లీ ఆ తొలకరి రోజులు వచ్చాయి. బెంగళూరులో ఆమెకి ఆట నేర్పుతున్న కోచ్ ఈసారి పచ్చిక పోటీలు వదిలెయ్యమన్నాడు. పోయేది కొన్ని వారాలేగా, నీది మట్టి ఆట, మట్టి మీదే ఆడుకో అన్నాడు. అతను చెప్పింది తెలివైన మాటే. పేరు వెనక్కి తీసుకుంటున్నదీ లేనిదీ మర్నాడు సాయంత్రంలోగా పోటీ నిర్వాహకులకి చెప్పాలి. వెనక్కి తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. అయితే ఈసారి మానుకుంటే ఇక ఎప్పటికీ పచ్చిక మీద అడుగు పెట్టనని ఆమెకి లోపల తెలుసు. ఇవాళ పచ్చిక, రేపు సిమెంటు, ఆ తరువాత ఏదీ లేదు. పడతానన్న భయం ఒకటి, పడతానని ఆగిపోతానన్న భయం ఇంకొకటి. రెండింటి మధ్యా నిద్ర పట్టక, విజయనగరం వచ్చి మాస్టారింటికి వెళ్లింది.

మాస్టారిల్లు ఇప్పుడు క్లబ్బు వెనకాల పెంకుటిల్లు కాదు. అది పాతబడి కూలిపోయేలా ఉందని పడగొట్టేశారు. ఆయనా, భార్య పైడమ్మగారూ ఒక అపార్టుమెంటులో పై అంతస్తుకి మారారు. నున్నటి పలకలు, ఒకే రంగు గోడలు, ఒకేలాంటి తలుపులు. కౌముది చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లింది. ఆయన ఆమెని చూడగానే గుర్తుపట్టారు. మోకాలెలా ఉందని అడిగారు. కాసేపటికి మళ్లీ అడిగారు. మూడోసారి అడిగేటప్పటికి ఆమె పైడమ్మగారి మొహంలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మంచినీళ్లు తెస్తానని లేచి ఆయన పడగ్గదిలోకి వెళ్లారు. అక్కడ నిలబడి, చుట్టూ చూసి, ఏమీ తోచక తిరిగొచ్చారు. కోర్టు మీదికి తీసుకెళ్తే కళ్లు మూసుకుని గీతల వెంట నడవగలరని, ఇక్కడేమో వంటింటికి వెళ్లమంటే బాత్రూముకి వెళ్తారని పైడమ్మగారు అంది. ఏదో ఒక రోజు అక్కడే విస్తరి వెయ్యమంటారేమో అని కూడా అంది. ఆయన నవ్వారు. ఈ ఇంట్లో తాను ఇంకా క్వాలిఫయింగ్ రౌండులోనే ఉన్నానన్నారు. ముగ్గురూ నవ్వారు.

భోజనాల దగ్గర కౌముది అడగవలసింది అడిగింది.

"మాస్టారూ, మట్టి మీద ఆడేదీ నేనే, పచ్చిక మీద ఆడేదీ నేనే. ఆ చెయ్యే, ఆ కాళ్లే. మరి అక్కడ కాలు పెట్టేసరికి నాకు వచ్చిందంతా ఎక్కడికి పోతోంది?"

ఆయన తింటున్న ముద్ద ఆపి ఆమెకేసి చాలాసేపు చూశారు. ఏ పని చెబుతారో అని ఆమె ఎదురుచూసింది. ఏమీ చెప్పలేదు. మళ్లీ తినడం మొదలుపెట్టారు, మజ్జిగ పోసుకున్నారు, చెయ్యి కడుక్కుని బయట గదిలో కుర్చీలో కూర్చున్నారు. జవాబు ఆలోచిస్తున్నారా, ప్రశ్నే జారిపోయిందా అన్నది ఆమెకి తెలియలేదు. అలా తెలియకపోవడం ఆమెకి చలి పుట్టించింది.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ పైడమ్మగారు గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ఆ మధ్య పాలకని వెళ్లిన మనిషి పొద్దెక్కినా రాలేదట. వెతగ్గా వెతగ్గా పాత ఇల్లు ఉన్న చోట, ఖాళీ స్థలంలో, గుమ్మం ఉండాల్సిన జాగాలో చెప్పులు విడిచి నిలబడి ఉన్నారట. తాళం ఎవరు మార్చారని ఆవిడనే అడిగారట. అప్పటినుంచీ వీధి తలుపుకి పైన గడియ వేసి ఉంచుతోందట. మనుషుల్ని ఇంకా మర్చిపోలేదు, అది ఎప్పుడొస్తుందోనని ఉంది నాకు అని చెప్పి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. కౌముది గిన్నె అందుకుని తుడిచింది.

అప్పుడు ఉరిమింది. వీధి తలుపు గాలికి కొట్టుకున్న చప్పుడైంది. ఇద్దరూ బయట గదిలోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కౌముదిని లోపలికి రానిచ్చిన తరువాత గడియ వేయడం మర్చిపోయింది పైడమ్మగారు. మెట్ల వైపు పరుగెత్తి, నేను వీధిలోకి చూస్తాను, నువ్వు డాబా మీద చూడమ్మా అంది. పైన మాస్టారు బంతులు ఆరేశారనీ, వాన వస్తోందని వాటి కోసం వెళ్లారేమోననీ, దిగుతూ దిగుతూ చెప్పింది. క్లబ్బులో వానకి తడిసిన పాత బంతుల్ని ఇంటికి తెచ్చి ఆరబెట్టడం ఆయన మానని అలవాటు. ఆ తరువాత ఆవిడ అన్న మాట మెట్ల మలుపు దగ్గర సగమే వినిపించింది. అటువైపు గోడ లేదు అన్నది ఆ సగం.

కౌముది చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరుగెత్తింది.

డాబా తలుపు తెరిచే ఉంది. నీళ్ల ట్యాంకు ఎప్పటినుంచో కారుతున్నట్టుంది. ఈ చివరనుంచి ఆ చివరదాకా నల్లపచ్చగా పాచి పట్టి ఉంది. సన్నగా వాన మొదలై పాచి నిగనిగలాడుతోంది. ఇంకో అంతస్తు వేస్తున్నారని, ఇటుకలు పైకి లాగడానికి అవతలి పక్క పిట్టగోడ కొంతమేర పడగొట్టి, అడ్డంగా ఒక తాడు కట్టారు. తలుపు పక్కన గోనెసంచిలో సగం బంతులు ఎత్తి ఉన్నాయి. మిగతావి నేల మీద చెదిరి ఉన్నాయి. మాస్టారు ఆ తాడు దగ్గర, ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. దొర్లిపోయిన బంతి ఒకదాని వెంట వెళ్లినట్టున్నారు, అది ఆయన చేతిలో ఉంది. బంతి అందింది. ఎందుకు వచ్చారన్నది మాత్రం అక్కడెక్కడో జారిపోయింది.

కౌముది గబుక్కున అడుగు వేసింది. పాదం పెట్టిన చోట నిలవలేదు. ఒళ్లు తనంతట తాను రెండో కాలు చాచబోయింది, మట్టి మీద చాచినట్టే. మోకాలు చివుక్కుమంది. రెండు చేతులతో తలుపు చట్రాన్ని పట్టుకుని ఆగింది. కిందటేటి నిశ్శబ్దం మళ్లీ చెవుల్లో నిండింది. పైడమ్మగారు పైకి వచ్చేదాకా ఇక్కడే ఉండి మాట్లాడుతూ ఉంటే చాలదా అనిపించింది. నిజానికి ఆ ఆలోచన ఆమెకి చాలా ఊరటగా ఉంది.

"మాస్టారూ," అని మెల్లగా పిలిచింది.

ఆయన ఇటు తిరిగారు. కళ్లు ఆమె మీదే ఉన్నాయి, చూపు మాత్రం ఆమెని చేరలేదు.

"ఎవరమ్మా?" అన్నారు.

ఆ మాట ఆయన మర్యాదగానే అన్నారు, వీధిలో ఎవరో దారి అడిగితే అన్నట్టు. కౌముదికి పాదాల కింద డాబా కదిలినట్టయింది. ఆటలో ఆమె మొదటి రోజుని చూసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. తండ్రి పోయాడు. రాకెట్టు రెండు చేతులతో పట్టుకున్న ఆ చిన్నపిల్ల ఇక ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. అది కూడా పోతే తాను ఎక్కడినుంచి వచ్చినట్టు?

"కౌముదిని, మాస్టారూ. కూర్మారావు ఫిట్టరుగారి అమ్మాయిని."

ఆయన ఆమెని ఎగాదిగా చూశారు. అనుమానం వచ్చింది.

"ఆ పిల్ల ఇంతే ఉంటాది," అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించారు. "నువ్వెవరో నాకు తెలీదు." అంటూ ఒక అడుగు వెనక్కి వేశారు. తాడు ఆయన వీపుకి తగిలి వంగింది. మడమ అంచుకి జానెడు దూరంలో ఉంది.

అరిస్తే ఇంకో అడుగు వెనక్కి వేస్తారని ఆమెకి అర్థమైంది. నిజం చెప్పినా వేస్తారు. తలుపు చట్రాన్ని వదిలింది. ఎప్పుడు వదిలిందో తరువాత ఎంత తలచుకున్నా ఆమెకి గుర్తు రాలేదు.

ఔనండీ, ఆ పిల్ల చిన్నదే, అదే నన్ను పంపింది అంది. బంతి మీ దగ్గర ఉందట, అడిగి తెమ్మంది అంది. ఆయన చేతిలోకి చూసుకుని, బంతి నిజంగానే ఉన్నందుకు ఆశ్చర్యపోయారు. వాన పడుతోందే, ఆట ఆపలేదా అని అడిగారు. మీరొచ్చి చెబితే గాని ఆపం అంటున్నారు అంది. పట్టా కప్పారా అన్నారు. ఒక కొస మీ కోసం వదిలిపెట్టారు అంది. కుర్రవెధవలు, కొసలు తొక్కేస్తారు, మట్టంతా కొట్టుకుపోతుంది అని ఆయన కోప్పడ్డారు. ఆ కోపం ఆమెకి తెలిసిన కోపం. దాన్ని పట్టుకుని మాట జారిపోనీకుండా మాట్లాడుతూ పోయింది. ఒక్కో మాటకి ఆయన మొహం కొంచెం దగ్గరవుతూ వచ్చింది. వాన కళ్లలోకి కొడుతున్నా ఆమె ఆయన మడమ మీదినుంచి చూపు తిప్పలేదు. ఇంకా గట్టిగా ఉరిమింది. ఆయన ఉలిక్కిపడ్డారు. అప్పటికి ఆమె చెయ్యి ఆయన మణికట్టు మీద ఉంది.

ఇద్దరూ తాడు దగ్గరినుంచి ఇవతలికి తిరిగారు. ఇప్పుడు వెనక్కి రావాలి. తలుపు అవతల ఒడ్డున ఉన్నట్టు చాలా దూరంగా కనిపించింది. ఆమె అడుగు వెయ్యలేక ఆగిపోయింది. ఆ జంకు ఆయనకి తెలిసిందో ఏమో, పట్టుకున్న చేతినే ఆయన తిరిగి పట్టుకున్నారు. ఆమె ఎవరో ఆయనకి ఇంకా తెలియదు. కాని ఆయన మోకాళ్లు కొద్దిగా వంగాయి, పాదాలు పూర్తిగా నేలకి ఆనాయి, అడుగులు చిన్నవయ్యాయి. అలా ఎవరు నడవమన్నారో ఆయనకే తెలియదు.

"కాలు చాచకు, తల్లీ," అన్నారు. "ఇది మన మట్టి కాదు."

ఆయనా ఆమే ఒకరి భారం ఒకరి మీద వేసుకుంటూ, చెదిరిన బంతుల మధ్యనుంచి, పక్షులు తడి గట్టు మీద నడిచినట్టు నడిచి తలుపులోపలికి వచ్చారు. పైడమ్మగారు వగరుస్తూ చివరి మెట్టు ఎక్కింది. ఇద్దరినీ చూసి మెట్టు మీదే కూలబడింది. కాసేపటికి తిట్ల కోసం ఊపిరి కూడగట్టుకుంది. ఈ వయసులో పనికిరాని బంతుల కోసం ప్రాణాలు పణంగా పెట్టే మనిషిని తాను ఏ జన్మలో కోరుకున్నానో అంది. తన మాట వినకపోతే ఈసారి కుర్చీకి కట్టేస్తానంది. తిడుతూనే కొంగుతో ఆయన తల తుడిచింది.

ఇదంతా మాస్టారు కావాలనే చేశారేమోనని కౌముదికి ఒక్క క్షణం అనిపించింది. అడిగిన ప్రశ్నకి పని చెప్పే మనిషి కదా. అలా అయితే ఎంత బాగుండును అనుకుంది. కాని ఆయన వేళ్లు బంతిని వదలడం లేదు. వదలమంటే ఎలా వదలాలో తెలియనట్టు చేతికేసి చూసుకుంటున్నారు. పైడమ్మగారు ఒక్కొక్క వేలే విడదీసి బంతిని తీసింది. ఆ వేళ్లు చూశాక కౌముదికి అనుమానం మిగల్లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. వాన తడిలో ఎవరికీ తెలియదులే అనుకుని ఏడిచింది.

కిందికి వచ్చి, పొడిబట్టలు కట్టుకుని, వేడి టీ గ్లాసు చేతిలోకి వచ్చాక మాస్టారు నెమ్మదిగా ఈ లోకంలోకి తిరిగి వచ్చారు. ముందు పైడమ్మగారిని పేరు పెట్టి పిలిచారు. తరువాత కౌముదికేసి చూసి, ఇంత తడిశావేమిటమ్మా, మోకాలు జాగ్రత్త అన్నారు. డాబా సంగతి ఎవరూ ఎత్తలేదు. అయినా ఆయనకి ఏదో తెలిసింది. భార్య కళ్లలోకీ, శిష్యురాలి కళ్లలోకీ మార్చి మార్చి చూశారు. టీ గ్లాసు కింద పెట్టారు.

"ఇందాక నేను మిమ్మల్ని మర్చిపోయానా?" అని అడిగారు.

పైడమ్మగారు లేచి, కిటికీ మూసే ఉన్నా వెళ్లి మళ్లీ మూసింది. ఆయన తల ఆడించారు. భోజనాల దగ్గర నువ్వేదో అడిగావు, ఏమిటది అన్నారు. కౌముది నోరు తెరిచింది. పొద్దుటినుంచీ మోసుకొచ్చిన ప్రశ్న అదే మాటల్లో రాలేదు. బదులుగా డాబా మీద జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన మడమ ఎక్కడుందో చెప్పింది, తాను తలుపు దగ్గర ఆగిపోవాలనుకున్న సంగతి కూడా చెప్పింది. తన గురించి కాదన్నట్టు, ఎవరిదో ఆట గురించి వింటున్నట్టు, ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంత పాచి మీద ఏ కాలు ముందేశావు?"

ఆమె ఆలోచించింది. ఎంత ఆలోచించినా కనిపించలేదు.

"తెలీదు మాస్టారూ."

"భయం పోయిందా మరి?"

"పోలేదు. నాతోనే వచ్చింది, నాతోనే తిరిగొచ్చింది."

ఆయన ఊఁ అన్నారు. బయట వాన జోరందుకుంది. గ్లాసులు ఖాళీ అయ్యాయి. కౌముది లేచి, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, పేరు వెనక్కి తీసుకోవడం లేదని, పచ్చిక పోటీలకి వెళ్తున్నానని చెప్పింది. చెప్పాక గాని అది తాను తేల్చుకున్న సంగతి ఆమెకే తెలియలేదు. మళ్లీ పడితేనో అని పైడమ్మగారు ఆందోళన పడింది. పడొచ్చు పిన్నీ, ఓడిపోవడం అయితే దాదాపు ఖాయం అంది కౌముది. ఇంకో ఏడాది ఆగి, నీకు బాగా అలవాటైన చోటే ఆడుకోరాదా అని ఆవిడ మాస్టారి వంక చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు.

మాస్టారు గది చుట్టూ చూశారు. ఒకేలా ఉన్న తలుపుల్ని ఒక్కొక్కటిగా చూశారు. ఏది ఎక్కడికి పోతుందో ఇప్పుడు ఆయనకి తెలుసో తెలియదో ఆ మొహంలో కనిపించలేదు. తరువాత శిష్యురాలి తల మీద చెయ్యి పెట్టారు.

"వెళ్లనీవే," అన్నారు భార్యతో. "తెలిసిన నేల ఎవరికి మాత్రం ఎన్నాళ్లుంటాది?"